ల్యాప్‌టాప్ చిమచిమలాడుతోందా? రేటింగ్ తగ్గించే ముందు గోడ చూడండి

"ఛార్జింగ్ పెట్టి వాడుతుంటే చేతికి చిమచిమలాడుతోంది, పీస్ డిఫెక్టా?" మెటల్ బాడీ ల్యాప్‌టాప్ రివ్యూ రాసిన ప్రతిసారీ నాకు వచ్చే ప్రశ్న ఇది. పోయిన నెల నాకే ఎదురైంది. నెల్లూరు జిల్లా మైపాడు దగ్గర మా అమ్మ ఉండే పాత ఇంట్లో ఓ ల్యాప్‌టాప్ టెస్ట్ చేస్తుంటే అదే చిమచిమ. బిల్డ్ క్వాలిటీలో ఒక మార్కు కోసేద్దామనుకున్నా. అంతలో అమ్మ, "ఫ్రిజ్జు కూడా అంతే అబ్బయా, చెప్పులేసుకోని తీయాల" అంది.

రివ్యూ పక్కన పెట్టి ఎలక్ట్రీషియన్‌ని పిలిచా. మెయిన్ ఆపి సాకెట్ విప్పితే, పైనున్న పెద్ద రంధ్రానికి వైరే లేదు! ఇల్లు కట్టినప్పటి నుంచీ ఫేజ్, న్యూట్రల్ రెండే. 3 పిన్ సాకెట్ పేరుకే.

అసలు జరిగేదేంటంటే, అడాప్టర్‌లో నాయిస్ తగ్గించే చిన్న కెపాసిటర్లుంటాయి. వాటి నుంచి వచ్చే కొద్దిపాటి లీకేజ్ ఎర్త్‌లోకి పోవాలి. ఎర్త్ లేకపోతే మన చేతిలోంచి పోతుంది. మామూలుగా దీనివల్ల ప్రాణాపాయం ఉండదు. కానీ అదే ఇంట్లో ఫ్రిజ్‌కో, గీజర్‌కో ఇన్సులేషన్ పోతే బాడీ మీదికి 230 వోల్టులు వస్తాయి. మీరు కొన్న స్పైక్ గార్డ్ కూడా ఎర్త్ లేకుండా పూర్తి రక్షణ ఇవ్వదు.

చాలామంది చేసే పని, ఉన్న పాయింట్ నుంచి ఇంకో ఎక్స్‌టెన్షన్ బాక్స్ లాగడం. లేని ఎర్త్‌ని ఎంత దూరం లాగినా లేనట్టే. అంతకంటే ఘోరం, సాకెట్‌లో ఎర్త్ పిన్నుని న్యూట్రల్‌కి కలిపేయడం. టెస్ట్ బల్బు చక్కగా వెలుగుతుంది, అంతా ఓకే అనిపిస్తుంది. తుఫాను గాలికి స్తంభం దగ్గర న్యూట్రల్ ఊడిందనుకోండి, ఆన్‌లో ఉన్న వస్తువుల గుండా ఫేజ్ వచ్చి ఇంట్లో ప్రతి మెటల్ బాడీ మీద కూర్చుంటుంది.

నా మాట ఒక్కటే: కొత్త పాయింట్ కావాలంటే ముందు ఎర్త్ వేయించండి. లైసెన్స్ ఉన్న కాంట్రాక్టర్‌తో, వైరింగ్‌కి ఐఎస్ 732, ఎర్తింగ్‌కి ఐఎస్ 3043 ప్రకారం చేయమని అడగండి. గోడకి కనీసం 1.5 మీటర్ల దూరంలో ఎర్త్ పిట్, అక్కడి నుంచి మెయిన్ బోర్డుకి, బోర్డు నుంచి ప్రతి 3 పిన్ పాయింట్‌కి ఆకుపచ్చ వైరు. మన తీరంలో ఉప్పు గాలికి జీఐ పైపులు, క్లాంపులు తొందరగా తుప్పు పడతాయి, ఇసుక నేల ఎండితే రెసిస్టెన్స్ పెరుగుతుంది. అందుకే రాగి పూత రాడ్ మేలు, ఏటా ఎర్త్ రీడింగ్ తీయించాలి.

దానితోపాటు 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ పెట్టించండి. ఎర్త్ లేకున్నా అది పనిచేస్తుంది, కానీ అప్పుడు లీకేజ్ మనిషి ఒంట్లోంచి పోయాకే ట్రిప్ అవుతుంది. అందుకే రెండూ ఉండాలి. నెలకోసారి దాని టెస్ట్ బటన్ నొక్కి చూడండి.

మా ఇంట్లో పని అయిపోయింది. చిమచిమ పోయింది, ల్యాప్‌టాప్ మార్కు దానికి తిరిగిచ్చేశా. అమ్మ మాత్రం ఇప్పటికీ చెప్పులేసుకునే ఫ్రిజ్ తీస్తోంది. ఇన్నేళ్లు ఆమెని కాపాడింది ఆ చెప్పులే మరి!