మైసూరులో ముందు జూ, తర్వాతే ప్యాలెస్



బడుల్లో విహారయాత్రల కాలం వచ్చింది. మా హిందూపురం వైపు నుంచి పిల్లలను ఎక్కించుకుని కదిలే బస్సులు చాలావరకు మైసూరు దారే పడతాయి. ఊరు దగ్గర, ఖర్చు తక్కువ, చూడటానికి కావలసినంత ఉంది. నా అభ్యంతరం ఊరి మీద కాదు, మనం చూపించే తీరు మీద. రాత్రి భోజనాలు కాగానే బయల్దేరడం, తెల్లారేసరికి శ్రీరంగపట్నం, ఆపైన చాముండి కొండ, పదకొండింటికి ప్యాలెస్, ఒంటిగంట దాటాక జూ, చీకటిపడే వేళకు బృందావనం, మళ్లీ రాత్రికి బస్సు. ఏ బడి కరపత్రం చూసినా ఇదే వరస. ఉపాధ్యాయుడిగా ఇలాంటి యాత్రలకు పిల్లల వెంట తిరిగినవాణ్ణి గనుక అడుగుతున్నాను: ఆ రోజంతా జూకీ ప్యాలెస్‌కే ఎందుకు ఇవ్వకూడదు? అందులోనూ జూ ముందు ఎందుకు చూపించకూడదు?

జూ ఉదయం 8.30కే తెరుస్తారు, ప్యాలెస్ 10 గంటలకు. పులులూ చిరుతలూ చల్లపూట కాస్త అటూ ఇటూ తిరుగుతాయి, ఎండ ముదిరితే నీడ చూసుకుని పడుకుంటాయి. సరిగ్గా వాటి కునుకువేళకు మన బస్సులు గేటు ముందు ఆగుతాయి. ‘సార్, అది బతికే ఉందా?’ అని పిల్లలు అడుగుతారు. ఇక దాన్ని లేపడానికి ఈలలు, కేకలు, చప్పట్లు. జూలో జంతువులను ఏడిపించడం వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద జైలుశిక్ష పడగల నేరమని పిల్లలకు తెలియదంటే సరే, వెంట వచ్చిన పెద్దల్లోనే చాలామందికి తెలియదు. పైగా రాత్రంతా బస్సులో కూర్చునే నిద్రపోయి, కొండెక్కి దిగి, ప్యాలెస్‌లో చెప్పుల్లేకుండా తిరిగిన పిల్లలు అప్పటికే వాడిపోయి ఉంటారు. జూలో దారి పొడవునా నడవలేమంటే వాళ్లను తప్పుపట్టలేం. జిరాఫీ దగ్గర ఫొటో దిగి, ఐస్‌క్రీం బండి ఎక్కడుందని వెతుక్కుంటారు.

ప్యాలెస్ సంగతి ఇందుకు తిరగబడి ఉంటుంది. అక్కడ ఎండ ఎక్కే కొద్దీ మేలు. కల్యాణ మంటపం పైకప్పు రంగుటద్దాలది. నెమళ్ల బొమ్మలున్న ఆ అద్దాలను గ్లాస్గోలో తయారుచేయించి తెచ్చారు. పైనుంచి వెలుగు బాగా పడితేనే ఆ రంగులు కంటికి ఆనతాయి. దాని కింద గోడల మీద దసరా ఊరేగింపు చిత్రాలు వరసగా ఉంటాయి. అసలు ఊరేగింపు ఫొటోలు చూసి ఆస్థాన చిత్రకారులు వేసినవి కనుక అందులో కనిపించే ముఖాలు ఊహించి గీసినవి కావు, నిజంగా బతికిన మనుషులవి. ఒక్కో చిత్రం ముందు ఒక్క నిమిషమైనా నిలబడాలంటే, వెనకనుంచి ‘పదండి పదండి’ అని తోసే టీచరు ఉండకూడదు.

కాలం లెక్క చూసినా జూయే ముందు. చాలామంది ప్యాలెస్ పాతది, జూ ఆ మధ్య పెట్టింది అనుకుంటారు. పదో చామరాజేంద్ర ఒడయరు జూను 1892లో పెట్టించారు. 1894 డిసెంబరులో కలకత్తాలో ఉండగా 31 ఏళ్లకే కన్నుమూశారు. కొడుకు నాలుగో కృష్ణరాజ ఒడయరుకు అప్పటికి పదేళ్లు. రాజ్యభారం తల్లి కెంపనంజమ్మణ్ణి మీద పడింది. 1897లో పెద్ద కూతురు పెళ్లి సందట్లో పాత కొయ్య ప్యాలెస్ తగలబడిపోయింది. ఆమె హెన్రీ ఇర్విన్ అనే వాస్తుశిల్పిని పిలిపించి కొత్తది మొదలుపెట్టించారు. అది పూర్తయ్యేసరికి 1912. అంటే ఈ రోజు మనం టికెట్టు కొని చూసే ప్యాలెస్ జూ కంటే ఇరవై ఏళ్లు చిన్నది. జూ పెట్టించిన రాజు ఈ ప్యాలెస్‌ను చూడనేలేదు. ఒకటి ఆయన ముచ్చట, మరొకటి ఆయన భార్య పట్టుదల. ఇంత కథ రెండు కిలోమీటర్ల మేర ఉంటే, మనం ఒకటి చరిత్ర పాఠమనీ, ఒకటి చిన్నపిల్లల సరదా అనీ విడదీసేశాం.

ఈ రెండింటినీ కలిపే వస్తువు ప్యాలెస్‌లోనే ఉంది, బంగారు అంబారీ. బరువు సుమారు 750 కిలోలు. విజయదశమినాడు అది ఏనుగు వీపు మీదే ఊరేగుతుంది. 2012 నుంచి 2019 దాకా దాన్ని మోసిన అర్జున అనే ఏనుగు 2023 డిసెంబరులో హాసన్ జిల్లాలో అడవి ఏనుగును పట్టే పనిలో ఉండగా, మరో అడవి ఏనుగుతో జరిగిన పోరులో చనిపోయింది. పొద్దున జూలో ఏనుగును దగ్గరగా చూసి వచ్చిన పిల్లలు మధ్యాహ్నం ఆ అంబారీ ముందు నిలబడితే ‘ఇంత బరువు ఎలా మోస్తుంది సార్? దానికి నొప్పి పుట్టదా?’ అని వాళ్లే అడుగుతారు. జవాబు చెప్పడం కష్టమే. చెప్పడానికి కాకపోతే ఉపాధ్యాయులు వెంట వెళ్లడం దేనికి?

మనకు మాత్రమే పట్టవలసిన మాట ఇంకొకటి. ‘బ్రోచేవారెవరురా’ రాసిన మైసూరు వాసుదేవాచార్యులు ఈ ఆస్థాన విద్వాంసులే. సినిమా పుణ్యమా అని ఆ పాట తెలియని తెలుగిల్లు లేదు. మన పిల్లల్లో ఒక్కరికీ ఆ సంగతి చెప్పకుండానే దర్బారు హాలు దాటించేస్తాం.

జూలకు పిల్లలను అసలు తీసుకెళ్లకూడదనే వాళ్లున్నారు. వారి బాధను నేను కొట్టిపారేయను. కానీ జంతువును బందీగా ఉంచడం తప్పా ఒప్పా అన్న ఆలోచన పిల్లవాడికి రావాలన్నా, ఒక జంతువు ముందు పది నిమిషాలు కదలకుండా నిలబడాలి. పరుగులో ఏ ఆలోచనా రాదు.

అసలు అడ్డంకి వేరే ఉంది. ‘ఇంత డబ్బు కట్టించుకుని రెండే చూపించారా?’ అంటారు తల్లిదండ్రులు. ఆ మాటకు జడిసి ప్రధానోపాధ్యాయులు, బేరం పోతుందని బస్సువాళ్లు కరపత్రంలో ఊళ్ల పేర్లు పెంచుతూ పోతారు. బృందావనంలో ఫౌంటెన్లు బాగుంటాయి, కాదనను. వాటిని తల్లిదండ్రులే ఎప్పుడో ఒకప్పుడు చూపించుకోగలరు. సాయంత్రానికి ఏదో ఒక వెలుగు కావాలంటే, ఆదివారాల్లోనూ, సెలవు రోజుల్లోనూ ఏడు గంటలకు ప్యాలెస్‌కే దీపాలు వెలిగిస్తారు.

యాత్రలకు అనుమతులిచ్చే విద్యాశాఖ అధికారులకు నా మనవి. బస్సు కాగితాలు, డ్రైవరు లైసెన్సు అడిగినట్టే గంటలవారీ పట్టిక కూడా అడగండి. రెండు పెద్ద చోట్లకు మించి ఉంటే తిప్పి పంపండి. తెల్లారి మైసూరు చేరాక పిల్లలు స్నానం చేసి, టిఫిన్ తినడానికి ఏ సత్రంలో గదులు తీసుకున్నారో రాయించుకోండి. ప్రధానోపాధ్యాయులు తారీఖు ఖాయం చేసేముందు క్యాలెండరు చూసుకోవాలి, మామూలుగా మంగళవారాలు జూకు సెలవు.

ఇట్లు,
ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు,
హిందూపురం