ఇంటర్వెల్ కబుర్లు: ఏడంతస్తుల బర్గర్ – ఏడు రోజుల ఆట

“మాయాబజార్” (1957)లో ఘటోత్కచుడి భోజనం సీను గుర్తుందా? గుర్తులేని తెలుగువాడు ఉంటాడా! పెళ్ళివారి కోసం సిద్ధం చేసిన పిండివంటలన్నీ ఒక్కడే కూచుని హాంఫట్ చేస్తాడు. లడ్డూలు వాటంతటవే లేచి ఎస్.వి.రంగారావు గారి నోట్లోకి వెళ్ళిపోతూ ఉంటే హాలు హాలంతా గొల్లుమనేది. ఆ లడ్డూలను ఎగరేసిన ఘనత ఛాయాగ్రాహకుడు మార్కస్ బార్ట్‌లీది. రంగారావు గారు నిజంగా అన్ని లడ్డూలు తిన్నారని ఎవరూ అనుకోలేదు. అయినా ముచ్చటగా చూశారు. పెద్ద తిండి చూడ్డానికి మహా సరదాగా ఉంటుంది. తినడం సంగతి వేరు.

ఇప్పుడు ట్రిక్ ఫొటోగ్రఫీ లేని సీను ఒకటి చెబుతాను, వినండి.

2009 అక్టోబరు 22న మైక్రోసాఫ్ట్ కంపెనీ ‘విండోస్ 7’ని విడుదల చేసింది. కంప్యూటర్ల సరుకది. దానికీ తిండికీ సంబంధం ఏమిటంటారా? జపానులో బర్గర్ కింగ్ వాళ్ళు సంబంధం కలిపేశారు. పేరులో ఏడుంది కనక ఒక బర్గర్‌లో ఏడు మాంసం బిళ్ళలు పేర్చారు. ఆ బిళ్ళల్నే ప్యాటీలంటారు. ఎత్తు సుమారు 13 సెంటీమీటర్లు. ధర 777 యెన్‌లు. ఆట ఏడు రోజులు. ఆ ధర కూడా రోజూ ముందుగా వచ్చిన 30 మందికే. ముప్పై ఒకటోవాడు దాదాపు రెట్టింపు ఇచ్చుకోవాల్సిందే! ఫస్ట్ డే ఫస్ట్ షో టిక్కెట్టు తెలిసిన మనకు ఈ పద్ధతి కొత్తేమీ కాదు.

అంత ఎత్తుదాన్ని నోట్లో ఎలా పెట్టుకుంటారు? పెట్టుకోలేరు. పై అంతస్తు నుంచి ఒక్కొక్కటే కూలుస్తూ రావాలి. మనిషి దవడ ఎంత తెరుచుకుంటుందో ఆ కంపెనీవారికి తెలియదా? బ్రహ్మాండంగా తెలుసు. దాన్ని కట్టింది కెమెరా కోసం. తినడానికి కూచున్నవాడు ముందు ఫొటో తీసుకుంటాడు, ఆ తర్వాతే దానికి దిగుతాడు. ఆ ఫొటో ఊరంతా, ఆ తర్వాత లోకమంతా తిరుగుతుంది. పైసా ఖర్చు లేని వాల్‌పోస్టరన్నమాట!

పెద్ద సైజు పుట్టిల్లు సినిమాహాలే!

ఈ ‘భారీ’ పిచ్చి ఎక్కడ పుట్టిందో తెలిస్తే మన పాఠకులు ఆశ్చర్యపోతారు. హోటల్లో కాదండీ, సినిమాహాల్లో!

అమెరికాలోని షికాగోలో బలబాన్ అండ్ కాట్జ్ అని పేరుమోసిన థియేటర్ల సంస్థ ఉండేది. 1960లలో అందులో డేవిడ్ వాలర్‌స్టీన్ అనే అధికారి పనిచేసేవాడు. హాలుకు లాభం టిక్కెట్ల మీదకంటే ఇంటర్వెల్ చిరుతిండి మీదే ఎక్కువని ఆయనకు బాగా తెలుసు. పాప్‌కార్న్ అమ్మకాలు పెంచాలని రకరకాల తంటాలు పడ్డాడు. ఎన్ని చేసినా ఒక్క మనిషి చేత రెండో పొట్లం కొనిపించలేకపోయాడు. కారణం ఏమిటా అని ఆలోచిస్తే తట్టింది. ఆకలి లేక కాదు, సిగ్గు! రెండోసారి లేచి వెళ్ళి అడిగితే పక్కవాళ్ళు తిండిపోతనుకుంటారేమోనన్న బెరుకు. సరే, ఆ రెండో పొట్లాన్ని మొదటి పొట్లంలోనే పోసేసి ‘పెద్ద సైజు’ అని పేరుపెట్టి అమ్మాడు. అమ్మకాలు ఒక్కసారిగా లేచాయి.

తర్వాత ఈయనే మెక్‌డొనాల్డ్స్ డైరెక్టర్లలో ఒకడయ్యాడు. అక్కడ అధిపతి రే క్రాక్. బంగాళదుంప వేపుళ్ళకు పెద్ద పొట్లం పెడదామని వాలర్‌స్టీన్ అంటే, ఇంకా కావలసినవాడు రెండోది కొనుక్కుంటాడు కదా అని క్రాక్ కొట్టిపారేశాడు. వాలర్‌స్టీన్ ఊరుకోలేదు. షికాగోలోని దుకాణంలో కాపుకాసి, జనం ఖాళీ పొట్లం అడుగున ఉప్పూ ముక్కలూ గీరుకుని తినడం కళ్ళారా చూశాడు. వీళ్ళకు ఇంకా కావాలి, అడగలేకపోతున్నారు, అంతే! చివరికి 1972లో పెద్ద పొట్లం వచ్చింది.

దుకాణదారుకు ఇందులో మతలబు ఒకటుంది. పొట్లం పెద్దదైనంత మాత్రాన అద్దె పెరగదు, కుర్రాళ్ళ జీతాలు పెరగవు. అదనంగా పడేది గుప్పెడు దుంపముక్కల ఖరీదు. ఆ పైన వచ్చేదంతా గల్లాపెట్టెలోకే. కొనేవాడికేమో బేరం కుదిరిందన్న తృప్తి. ఇద్దరూ నవ్వుతూనే ఇంటికి వెళతారు. లెక్క అడిగేది ఒక్క పొట్టే!

గౌరవ నటుడి పాత్ర

మరి ఈ భారీ బర్గర్లు కొద్దిరోజులే ఎందుకు దొరుకుతాయి? మన సినిమాల్లో గౌరవ నటుడు ఉంటాడు చూడండి. మూడే సీన్లలో కనిపిస్తాడు, పోస్టరు మీద మాత్రం హీరోకు దీటుగా నిలబడతాడు. ఈ బర్గర్ల పనీ అదే. హాలు నింపి వెళ్ళిపోవాలి.

జపానువాళ్ళకు ‘కొద్దికాలం మాత్రమే’ అన్న బోర్డంటే భలే మోజు. 2007 జనవరిలో అక్కడి మెక్‌డొనాల్డ్స్ ‘మెగా మాక్’ను దింపింది. మామూలు బిగ్ మాక్‌లో రెండు ప్యాటీలైతే ఇందులో నాలుగు. మొదటి నాలుగు రోజుల్లో 17 లక్షలు అమ్ముడయ్యాయి! సరుకు చాలక రోజుకు ఇన్నే అని హద్దు పెట్టుకోవాల్సి వచ్చింది. ఇక్కడ గమనించాల్సింది ఒకటుంది. వంటింట్లోకి కొత్త దినుసు ఒక్కటీ రాలేదు. అదే బన్ను, అదే ప్యాటీ, అదే సాస్. పాత సెట్టింగులతోనే కొత్త సినిమా తీసేసినట్టు!

థాయ్‌లాండ్‌వాళ్ళు ఇంకో దారి తొక్కారు. 2023 జూలైలో అక్కడి బర్గర్ కింగ్ అసలు మాంసమే లేకుండా బన్ను మధ్య 20 చీజ్ ముక్కలు పేర్చింది. మామూలు ధర 380 బాత్‌లు, మొదట్లో 109కే ఇచ్చారు. కథ లేదు, మాటలు లేవు, మొత్తం చీజే. అయినా జనం ఎగబడ్డారు.

న్యూయార్క్ టైమ్స్ స్క్వేర్‌లో 2010లో పెట్టిన ‘పిజ్జా బర్గర్’ వెడల్పు తొమ్మిదిన్నర అంగుళాలు, 2,520 కేలరీలు. పాపం, దీన్ని ఆరు ముక్కలుగా కోసి ఇచ్చేవాళ్ళు. పంచుకుని తింటే పేచీ లేదు. ఒంటరి వీరుల సంగతే భయం!

సినిమావాళ్ళతో పొత్తు సరేసరి. 2012లో “స్టార్ వార్స్” మొదటి భాగం త్రీడీలో మళ్ళీ విడుదలైనప్పుడు ఫ్రాన్సులో క్విక్ అనే సంస్థ నల్లబన్నుతో డార్త్ వేడర్ బర్గర్ వేసింది. 2023లో “బార్బీ” కోసం బ్రెజిల్‌లో గులాబీరంగు సాస్ పోశారు. అదే ఏడు అమెరికాలో స్పైడర్‌మాన్ కార్టూను చిత్రానికి ఎర్ర బన్ను వచ్చింది. సినిమా హాల్లో ఉన్నన్నాళ్ళే బర్గరూ ఉంటుంది. రెండూ ఒకేసారి బోర్డు తిప్పేస్తాయి.

ఒక సినిమా పెంచింది, ఒక సినిమా దించింది

అయితే గౌరవ నటుడు కాస్తా సెట్టు వదలకుండా అక్కడే కాపురం పెడితే? అదీ జరిగింది.

1993లో స్పీల్‌బర్గ్ “జురాసిక్ పార్క్” వచ్చినప్పుడు మెక్‌డొనాల్డ్స్ దానితో పొత్తు కుదుర్చుకుని, వేపుళ్ళనూ కూల్‌డ్రింకునూ ‘డైనో సైజ్’లో అమ్మింది. రాక్షసబల్లి సినిమా కదా, తిండీ ఆ లెవెల్లోనే ఉండాలన్నమాట. సినిమా వెళ్ళిపోయింది, సైజు మాత్రం వెళ్ళలేదు. ‘సూపర్ సైజ్’ పేరుతో అమెరికా దుకాణాల్లో స్థిరపడిపోయింది. ఆశ్చర్యంగా మొదలైంది అలవాటైంది.

పదేళ్ళు తిరిగాయి. మోర్గాన్ స్పర్లాక్ అనే యువ దర్శకుడు తన ఒంటినే సెట్టుగా చేసుకుని ఒక డాక్యుమెంటరీ తీశాడు. పేరు “సూపర్ సైజ్ మి”. 30 రోజులు మూడు పూటలా మెక్‌డొనాల్డ్స్ తిండే తినాలి. కౌంటరువాళ్ళు ‘సూపర్ సైజ్ కావాలా?’ అని అడిగితే వద్దనకూడదు. నెల తిరిగేసరికి సుమారు 11 కిలోలు పెరిగాడు! 2004 జనవరిలో సన్‌డాన్స్ చిత్రోత్సవంలో ఆ చిత్రం ప్రదర్శించారు. మార్చిలో మెక్‌డొనాల్డ్స్ సూపర్ సైజును ఎత్తేస్తున్నట్టు ప్రకటించింది. ఆ సినిమాకూ ఈ నిర్ణయానికీ సంబంధం లేదని కంపెనీ మాట. ఉందో లేదో పాఠకులే ఊహించుకోండి. ఆ చిత్రం ఆస్కార్ నామినేషన్ దాకా వెళ్ళింది.

న్యాయంగా ఇంకో మాట కూడా చెప్పాలి. తనకు ఎన్నో ఏళ్ళుగా తాగుడు అలవాటుందని స్పర్లాక్ 2017లో స్వయంగా ఒప్పుకున్నాడు. దాంతో సినిమాలో చూపించిన అనారోగ్యమంతా బర్గర్లదేనా అన్న అనుమానాలు వచ్చాయి. 2024లో ఆయన కన్నుమూశాడు.

మరి ఆ సినిమాతో ప్రపంచం మారిపోయిందా? అదే 2004 నవంబరులో హార్డీస్ అనే మరో అమెరికన్ సంస్థ ‘మాన్‌స్టర్ థిక్‌బర్గర్’ విడుదల చేసింది. 1,420 కేలరీలు, 107 గ్రాముల కొవ్వు! విలన్ చచ్చాడనుకుని జనం లేచేలోపల వాడి తమ్ముడు దిగాడు.

కొసరి వడ్డిస్తే

ఇప్పుడు కాస్త లెక్క చూద్దాం. 1955లో రే క్రాక్ తొలి దుకాణం తెరిచినప్పుడు హాంబర్గర్ ధర 15 సెంట్లు. ఒక పౌను మాంసంతో పది ప్యాటీలు చేసేవారు. అంటే ఒక్కోటి 45 గ్రాములు. జపాను ఏడంతస్తుల బర్గర్‌లో ఒక్కో ప్యాటీకి పావు పౌను. మొత్తం వండకముందు ముప్పావు కిలో పైమాటే. అంటే 1955 నాటి లెక్కలో పదిహేడు మంది తిండి! అలాంటివి నాలుగు చూశాక, రెండు ప్యాటీల బర్గర్ మనకే ‘ఇంతేనా?’ అనిపిస్తుంది. ఏడంతస్తులది వారం ఆడి వెళ్ళిపోతుంది. అది మన కంటికి నేర్పిన కొలత మాత్రం వెళ్ళదు. అసలు ప్రమాదం అక్కడుంది.

హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2020లో ఇచ్చిన లెక్క ప్రకారం, కూచుని పనిచేసే మగవాడికి రోజంతా కలిపి 2,110 కేలరీలు చాలు, ఆడవారికి 1,660. ఆ న్యూయార్క్ పిజ్జా బర్గర్‌ను ఒక్కరే లాగిస్తే ఆ రోజు ఉప్మా, అన్నం, రాత్రి మజ్జిగ అన్నీ కేన్సిల్. మర్నాటి కాఫీ టిఫిన్లకు కూడా గండే!

మనవాళ్ళేం తక్కువ తినేవాళ్ళా అని కొందరు దెబ్బలాటకు వస్తారు. నిజమే, మన పెళ్ళిళ్ళలో పందేలు కట్టి బూరెలు తిన్నవాళ్ళున్నారు. కానీ మన విస్తరి దగ్గర ఒక మర్యాద ఉంది. మొదట అన్నీ కొద్దికొద్దిగానే వడ్డిస్తారు. మారు అడగడం అతిథికి సిగ్గు కాదు, వండినవాళ్ళకు గౌరవం. “అయ్యో, ఇంకొక్కటి బాబూ” అని కొసరి వడ్డిస్తారు. “చాలు పిన్నిగారూ, నా వల్ల కాదు” అని రెండు చేతులూ విస్తరికి అడ్డం పెట్టేస్తాం. ఎక్కడ ఆగాలో చెప్పే హక్కు ఆ రెండు చేతులది.

వాలర్‌స్టీన్ గారు కనిపెట్టింది ఆ చేతుల్ని తప్పించే ఉపాయం. మారు వడ్డన మొదటి పొట్లంలోనే ఉంది. అడగక్కర్లేదు, వద్దనడానికి వీల్లేదు. డబ్బులిచ్చాం కనక పారెయ్యడానికి మనసొప్పదు. కౌంటరు దగ్గర కుర్రాడు “పెద్దది ఇమ్మంటారా సార్?” అని అడగడమూ కొసరి వడ్డించడంలాగే వినిపిస్తుంది. తేడా అల్లా పిన్నిగారు బిల్లు ఇవ్వదు.

ఈసారి మీ ఊళ్ళోనో, మీ అబ్బాయి ఉంటున్న అమెరికాలోనో ‘కొద్దిరోజులు మాత్రమే’ అన్న బోర్డు కింద అంతస్తుల బర్గర్ కనిపిస్తే మొహం చాటెయ్యకండి. వెళ్ళండి, చూడండి, ఫొటో తీసుకోండి, నలుగురు కలిసి ముక్కలు చేసుకు తినండి. సరదా సరదానే! ఒంటరిగా దాని మీదికి దండెత్తే ముందు మాత్రం ఒక్కసారి రంగారావు గారిని తలుచుకోండి. అంత పెద్ద ఘటోత్కచుడికి కూడా ఆ లడ్డూలు తినడానికి ట్రిక్ షాట్ కావాల్సి వచ్చింది. మనకు మార్కస్ బార్ట్‌లీ లేడు కదండీ!

బెల్లు కొట్టారు. పదండి, సినిమా మొదలవుతోంది.