గడప దాటకముందే

విమానం దిగిన ప్రయాణికుణ్ణి విమానాశ్రయం గుమ్మమైనా దాటకముందే పోలీసులు అటకాయించడం ఏ చట్టం నేర్పిన మర్యాద?

2017 జనవరి 26న ప్రత్యేక హోదా కోసం కొవ్వొత్తుల ప్రదర్శనకు వచ్చిన జగన్‌ను విశాఖ రన్‌వే మీదే ఆపారు. అప్పటి ముఖ్యమంత్రి చంద్రబాబు. 2021 మార్చి 1న అదే చంద్రబాబును రేణిగుంటలో బయటికి కదలనీయలేదు. ఆయన అక్కడే నేల మీద బైఠాయించారు. అప్పటి ముఖ్యమంత్రి జగన్. రెండుసార్లూ చెప్పిన మాట ఒకటే: అనుమతి లేదు. సభకు అనుమతి కావాలేమో గాని, విమానం దిగి నడవడానికి ఎవరి అనుమతి కావాలి?

ముందస్తు అరెస్టుకు ఆనాటి నేర విచారణ స్మృతిలోని 151వ సెక్షన్ పెట్టిన షరతు చిన్నది కాదు. కాగ్నిజబుల్ నేరానికి పథకం ఉండాలి, దాన్ని ఆపే మరో దారి ఉండకూడదు. 2024 జూలై 1 నుంచి అమలులో ఉన్న కొత్త సంహితలోని 170వ సెక్షన్ చెప్పేదీ అదే. కొవ్వొత్తి వెలిగించడం ఏ నేరం?

నేనుండేది ఫలక్‌నుమాలో. మా పాతబస్తీవారిని అటకాయించడానికి విమానం దాకా పోనక్కరలేదు. 2014 తర్వాత ‘కార్డన్ సెర్చ్’ పేరిట గల్లీలను చుట్టుముట్టి, ఇంటింటి తలుపూ తట్టి కాగితాలు అడగడం చూశాం. గడప దాటకముందే అందరమూ అనుమానితులమే! దొంగలు దొరుకుతారు కదా అంటారు. దొంగ తెలిస్తే వారెంటుతో అతని ఇంటికే వెళ్ళవచ్చు. వీధి వీధినంతా బోనెక్కించడమెందుకు?

నాయకుణ్ణి ఆపితే ప్రజాస్వామ్యానికి ప్రమాదం, గల్లీని మూస్తే ప్రజలకు భద్రత! మిత్రులారా, ఎవరిని ఆపారని కాదు, ఏ అధికారంతో ఆపారని అడుగుదాం. మనకు గిట్టనివారి కోసమూ అడగలేకపోతే అది న్యాయం కాదు, ఉత్త పక్షపాతం.