బరువు ఎక్కడ వేయాలి?

సబాహ్ అల్ సాలెంలో మా శుక్రవారం తరగతికి వచ్చే ఆరో క్లాసు బాబొకడు వాళ్ళ నాన్నగారిని అందరి ముందే సరిదిద్దాడు. ఆయన రెండు 'ర'లూ నొక్కి 'ఇర్రెస్పాన్సిబుల్' అన్నారు. వాడు నవ్వాడు. ఆయన నవ్వలేదు.

ఆ తప్పు ఎక్కడినుంచి వస్తుందో పిల్లలకు చెప్పవలసింది మేమే. తెలుగులో ఒత్తు రాస్తే పలకాలి. సత్ + జనుడు సజ్జనుడైతే రెండు 'జ'లూ వినబడాలి. మనముండే ఏరియా పేరే చూడండి, 'అల్ సాలెం' అని రాస్తారు, అరబ్బులు 'అస్సాలెం' అని రెండు 'స'లూ పలుకుతారు. ఇంగ్లీషు మాటలోని 'ఇర్' కూడా 'ఇన్' అనే ఉపసర్గే, లాటిన్‌లో జరిగిన సంధి. కానీ రెండో 'ఆర్' స్పెల్లింగులోనే మిగిలింది, నోటికి రాదు. ఇ-రె-స్పాన్-సి-బుల్. అయిదు ముక్కలు, బరువు 'స్పాన్' మీద. ఉపసర్గ చేరినా బరువు కదల్లేదు.

అన్నిసార్లూ ఇలా కుదరదు లెండి. 'ఫైనైట్'కి 'ఇన్' తగలగానే బరువు ఆ 'ఇన్' మీదికి దూకుతుంది, 'ఫై' కాస్తా 'ఫి' అవుతుంది. ఇంజనీరింగ్ నాలుగేళ్ళూ మేము 'ఇన్‌ఫైనైట్' అనే అన్నాం. ఒక్కరూ నవ్వలేదు, అందరం అదే అనేవాళ్ళం కాబట్టి!

పిల్లల ఇబ్బంది దీనికి తిరగేసినది. ఇంగ్లీషు నొక్కును తెలుగులోకి తెస్తారు. 'అనుమానం'లో 'మా' మీద బరువేసి, 'ను'ను మింగేసి 'అన్మానం' అంటారు. 'అన్యాయం' మరీ చిక్కు. రాతలో అ-న్యా-యం, అర్థంలో అ + న్యాయం, నోట్లో అన్-న్యా-యం. సంయుక్తాక్షరం ముందున్న 'అ' గురువు కదా.

అందుకే గురులఘువులను పద్యాల పాఠం వచ్చేదాకా దాచిపెట్టడం పొరపాటని మా అభిప్రాయం. గుణింతాలు, ఒత్తులు రాగానే చప్పట్లతో మొదలుపెట్టాలి. పక్కనే ఒక ఇంగ్లీషు మాటకూ కొట్టించాలి. తెలుగు బడిలో ఇంగ్లీషెందుకని కొందరు పెద్దలు అడిగారు. ఆ నొక్కు పిల్లల చెవిలో ఎలాగూ ఉంది, మన లయ వేరని తెలియాలంటే రెండూ పక్కపక్కన వినాలి. తల్లిదండ్రులూ వచ్చి కూర్చోవాలి.

ఆ నాన్నగారు తర్వాతి శుక్రవారమూ వచ్చారు, వెనక బల్ల మీద కూర్చున్నారు. కొడుకు 'అప్రయత్నంగా' దగ్గర ఆగిపోతే ఆయనే మెల్లగా చప్పట్లు కొట్టారు. 'స్పాన్' మీద ఎలా నొక్కాలో ఇంటికెళ్ళేటప్పుడు కారులో చెబుతానన్నాడట వాడు.