వాట్సాపు గుంపులలో వర్తక మర్యాద

మన పెద్దలు తెలంగాణ జిల్లాలనుండి షోలాపురమునకు వచ్చి మగ్గములు వేసికొన్ననాడు వారిచెంత మూలధనము స్వల్పము. నూలు అరువుగా దొరకుటకు వారి మాటయే ఆధారము. గడువునాటికి డబ్బు కుదరనిచో తామే దుకాణమునకు పోయి సంగతి చెప్పుకొనెడివారు. ఇచ్చినవారును నలుగురిలో అడుగక, లోపలికి పిలిచి అడిగెడివారు. దుప్పట్లకును తువ్వాళ్లకును ఈ యూరు పేరుగాంచుటలో ఆ మర్యాదకును పాలు కలదు.

నేడు నమూనా, ధర, బిల్లు, లారీ రసీదు అన్నియు వాట్సాపుననే నడచుచున్నవి. ఒక గుంపున 1,024 మంది వరకు చేరవచ్చును. ఈ సౌకర్యమును మేము నిందింపము. మా దుకాణమును దానిపైననే సాగుచున్నది. కాని అంతమంది యెదుట పలుకుచున్నామన్న యెరుక మనకుండుటలేదు.

ఇటీవల వర్తకుల గుంపొకదానిలో నూలు బాకీ గడువు దాటినదని ఒకరు బాకీదారుని పేరుతో సహా పద్దు ఫోటో పెట్టిరి. సొమ్ము రెండు దినములలో వచ్చెను. ఆ బాకీదారుని యిల్లాలు ఆసుపత్రిలో నుండెనని గుంపునకు తరువాత తెలిసెను. ఒక్కసారి ఫోనుచేసి అడిగినచో ముందే తెలిసెడిది. రెండు తరముల ఆ ఖాతా నేడు మూతపడినది. పండుగ రాకపోకలును నిలిచినవి. మేమును ఆ గుంపులో నుంటిమి. చూచియు ఊరకుంటిమి. అది మా దోషమని ఒప్పుకొనుచున్నాము.

వినికిడి మాటలను ముందుకు త్రోయుట ఇంతకన్న చెడ్డది. 2018 జూలైలో ధులే జిల్లాలో పిల్లలనెత్తుకొనిపోవువారను వదంతిని నమ్మి జనులు ఐదుగురిని కొట్టి చంపిరి. చనిపోయినవారిలో పలువురు మన షోలాపురము జిల్లావారే. ఆ నెలలోనే వాట్సాపు సంస్థ మన దేశమున ఒక సందేశమును ఒకేసారి ఐదు చోట్లకు మించి పంపరాదని కట్టడి చేసెను. “ఫలానావారు దివాలా” అన్న మాట ప్రాణము తీయకపోవచ్చును. అరువుపై బ్రతుకు ఇంటికి మాత్రము అది పిడుగుపాటే.

కావున మన యువవర్తకులకు మా విన్నపము. బాకీగాని, సరకులోని లోపముగాని మొదట ఫోనులో, పిదప ముఖాముఖిగా మాటాడుడు, గుంపునకు తేకుడు. మీరెరుగని సంగతిని పంపకుడు. సందేశము చూచి మిన్నకుండక “రేపు చెప్పెదను” అనియైన బదులిండు. పరిచయములేనివారికి ధరల పట్టీ పంపుటకు ముందు మీరెవరో, ఎవరివలన వారి నంబరు దొరకినదో తెలుపుడు. ఇక పెండ్లికిని పరామర్శకును చేతులు జోడించిన బొమ్మ చాలదు, అడుగు పెట్టవలసినదే.

ఈ పద్ధతులను మన సంఘపు గుంపుననే మొదట అమలుపరచవలసినదిగా కార్యవర్గమును కోరుచున్నాము. ఇకపై ఎవరి పద్దైన గుంపున కనబడినచో దానిని తీసివేయుమని మొదట అడుగువారము మేమే కాగలము.