పొంగలి నిలుచును, మాట నిలుచునా?

సంక్రాంతి వచ్చినదనగా హోసూరు ప్రాంతమున ఏ వీథికి పోయినను ఒకటే పరిమళము: బియ్యము, పెసరపప్పు, బెల్లము, నెయ్యి కలిసి ఉడుకు పరిమళము. తెలుగింట దానిని చక్కెర పొంగలి యందురు. తమిళులు శర్కరై పొంగల్ అందురు. కన్నడిగులు సిహి పొంగల్ అనియు, హుగ్గి యనియు అందురు. పేరులో చక్కెర యున్నను పాత్రలో పడునది బెల్లమే. ఈ వంట ఎవరిదని వాదులాడుట వ్యర్థము. పొంగు అను ధాతువు తెలుగునకును తమిళమునకును సమానము. మన బెల్లము కన్నడమున బెల్ల, తమిళమున వెల్లము. మన నెయ్యి తమిళమున నెయ్. మన పెసలు కన్నడమున హెసరు, మన పాలు హాలు. ఈ భాషలు అక్కచెల్లెండ్రు. అక్కచెల్లెండ్ర నడుమ ఆస్తి తగవు పెట్టుట మా యుద్దేశము కాదు.

మా చింత వేరొకటి. పొంగలి మన యిండ్లలో ఎన్నటికిని నిలుచును. దానిని వండునపుడు మన పెద్దలు పలుకు తెలుగు మాటలు నిలుచునా?

వంట తీరును ఒక్కమారు చూతము. ఒక సోల బియ్యమునకు ఒక గిద్ద పెసరపప్పు. కొందరు రెండు గిద్దలు వేయుదురు. నాలుగు గిద్దలు ఒక సోల గనుక, బియ్యములో నాలుగవ వంతు మొదలు సగము వరకు పప్పు అని లెక్క. పప్పును సన్నసెగపై దోరగా వేయింపవలెను. దోర యనగా కమ్మని వాసన రావలెను గాని రంగు ఎర్రబడరాదు. నాలుగైదింతల నీళ్లు ఎసరు పెట్టి, ఎసరు మరిగిన పిదప కడిగిన బియ్యమును పప్పును అందు పోయవలెను. మెతుకు పలుకు లేకుండ ఉడుకవలెను. పలుకు అనగా మెతుకు నడుమ మిగిలిన గట్టిదనము. పలుకు పోకముందే బెల్లము వేసితిమా, ఇక ఆ మెతుకు మెత్తబడదు. బెల్లము నీటిని తనవైపు లాగుకొని గింజను బిగియజేయును. బెల్లపు తురుము సోలన్నర మొదలు రెండు సోలల వరకు పట్టును. దానిని కొంచెము నీటిలో కరగించి, ఇసుకయు నలుసులును పోవునట్లు గుడ్డలో వడగట్టి, లేతపాకము వచ్చువరకు కాచి అన్నములో పోయవలెను. అడుగంటకుండ గరిటెతో కలుపుచుండవలెను. మరుగుచున్న పాలలో బెల్లము పడినచో అందలి పులుపువలన పాలు విరుగవచ్చును. కావున పాలు పోయువారు అన్నము ఉడుకునప్పుడే పోసి, దించి, వేడి కొంత తగ్గిన పిదప బెల్లపు నీళ్లు కలుపుదురు. కడపట నేతిలో వేయించిన జీడిపప్పును, ఏలకుల పొడిని చేర్చి, జారుగా నున్నప్పుడే దించవలెను. చల్లారినకొలది అది తానే గట్టిపడును.

సోల, గిద్ద, సన్నసెగ, దోర, ఎసరు, మెతుకు, పలుకు, లేతపాకము, అడుగంటుట, జారు. ఒక్క వంటలో పది మాటలు వచ్చినవి. వీనిలో మన పిల్లల నోట ఎన్ని వినబడుచున్నవి? ఎసరు మరిగినదనుటకు మారుగా వాటర్ బాయిల్ అయినది అనుచున్నారు. ఇందు ఎవరి దోషమును లేదు. కుక్కరు వచ్చి ఎసరు చూచు పని తప్పించినది. 1956 నాటి తూనికలు కొలతల చట్టము పిదప సోలలు, గిద్దలు అంగళ్లనుండి తొలగినవి. పని పోయినచోట పని మాటయు పోవును. కాని పోవుచున్నదని తెలిసియు ఊరకుండుట మాత్రము మన దోషమే యగును.

1956లో రాష్ట్రములు భాషలనుబట్టి ఏర్పడినప్పుడు హోసూరు మద్రాసు రాష్ట్రముననే నిలిచెను. ఆ సంవత్సరమే రాజ్యాంగమున 350ఎ అధికరణము చేరినది. అల్పసంఖ్యాక భాషల పిల్లలకు ప్రాథమిక దశలో మాతృభాషయందు బోధన కలుగవలెనని దాని భావము. 2006లో తమిళనాట చేసిన చట్టము తమిళమును ఒకటవ తరగతి మొదలు పదవ తరగతి వరకు క్రమక్రమముగా తప్పనిసరి పాఠ్యవిషయముగా చేసినది. మనమున్న నాటి భాషను మన పిల్లలు చక్కగా నేర్చుట అవసరమే. అందు మాకు సందేహము లేదు. అయితే ఏ చట్టమైనను బడి తలుపు వరకే రాగలదు. వంటింటి గడప దాటి లోనికి వచ్చి, పలుకు అనగా నేమో పిల్లకు చెప్పునది తల్లియే, అవ్వయే.

కొందరు తల్లిదండ్రులు ఇట్లనుచుందురు: రుచి యుండగా పేరేదైన నేమి? పరీక్షలో ఈ మాటలకు మార్కులు వచ్చునా? రావు. మేము ఒప్పుకొందుము. కాని దోర అను మాట తెలిసినవాడు పప్పు ఎర్రబడకముందే దించును; తెలియనివాడు మాడ్చి నేర్చుకొనును. పెద్దల అనుభవమంతయు ఆ చిన్నమాటలో మూటకట్టబడి యున్నది. మాట పోయిననాడు ఆ మూటయు పోవును. అదియునుగాక, పద్యములకును పరీక్షలకును మాత్రమే మిగిలిన భాష ఇంటిభాషగా ఎంతకాలము నిలుచును? ఆకలియైనప్పుడు, అన్నము అడుగంటినప్పుడు అప్రయత్నముగా నోట వచ్చునదే మాతృభాష.

కొత్త మాటలు వద్దని మేము అనము. ఈ పొంగలిలో మెరయు జీడిపప్పు మాత్రము మన నేలపై పుట్టినదా? 16వ శతాబ్దమున పోర్చుగీసువారు బ్రెజిలు నుండి జీడిమామిడిని తెచ్చిరి. మన వంట దానిని చేర్చుకొన్నది. అయితే అందులకై బియ్యమును పారవేయలేదు. భాష విషయమునను అంతే. తమిళము, కన్నడము, ఇంగ్లీషు వచ్చి చేరవచ్చును. ఎసరు తెలుగుదిగా నుండిన చాలును.

కావున విద్యార్థులారా, రాబోవు సంక్రాంతినాడు పొయ్యి దగ్గర నిలువుడు. ఇది ఆడపిల్లలకు మాత్రమే చెప్పుమాట కాదు. తినువారందరును వండుట నేర్వవలసినవారే. చేత ఒక కాగితము పట్టుకొనుడు. అవ్వ ఏ కొలతతో కొలిచినదో, ఏ మాట అన్నదో, ఎందుకట్లు చేసినదో అడిగి వ్రాయుడు. సోల యనక పడి యనినచో పడి యనియే వ్రాయుడు. పుస్తకమునుబట్టి అవ్వ మాటను దిద్దవలదు. పండుగ సెలవుల పిదప ఆ కాగితములను బడికి తెండు. వానిని ఒక్కచోట కూర్చినచో మన యూళ్ల వంటింటి నిఘంటువగును.

తల్లులారా, తండ్రులారా! ఆ పూట పిల్లవాడు పొయ్యి దగ్గర అడ్డు వచ్చినాడని కసరి పంపవలదు. ఒక గరిటె వాని చేతికిచ్చి, అడుగంటకుండ కలుపుము అని తెలుగున చెప్పుడు.