సుగంధము – సభామర్యాద

సుగంధమునందు మన దేశీయులకుఁ గల ప్రీతి నేటిది కాదు. కనౌజు పట్టణమున గులాబీలను, మల్లెలను రాగిపాత్రలలో నుడికించి, ఆ యావిరిని చందనతైలమునఁ బట్టి యత్తరు చేయు విద్య తరతరములుగ వచ్చుచున్నది. హైదరాబాదున చార్మినారు చెంతనున్న యత్తరు దుకాణములు మనవారికిఁ దెలిసినవే. పెండ్లిలోఁ బన్నీరు చల్లుటయు, అతిథికి గంధము పూయుటయు మన మర్యాదలే. కావున మేము సుగంధమును నిందింపఁ బూనలేదు. దాని నెచ్చట, ఎంత వాడవలయునన్నదే మా విచారణ.

కంటికి నచ్చని దానినుండి చూపు మరల్చుకొనవచ్చును. మూసియున్న రైలుపెట్టెలోనో, పరీక్షాశాలలోనో కూర్చున్నవాఁడు ఊపిరి మానుకొనఁజాలఁడు. అచ్చటి గాలి యందఱి యుమ్మడి సొత్తు. ఉబ్బసముగలవారికి ఘాటైన పరిమళము ఊపిరి యాడకుండఁ జేయవచ్చును. పార్శ్వపు నొప్పి గలవారికిఁ దలనొప్పిని రేపవచ్చును. మూడుగంటల పరీక్షలోఁ బ్రక్కవాని సెంటుచే దగ్గుచుఁ గూర్చున్న బాలుఁడు సంవత్సరపు శ్రమఫలమును గోల్పోవచ్చును. ఒకని ముచ్చటకు మఱియొకఁడు వెల చెల్లించుట న్యాయమా?

ఇందొక చిక్కు గలదు. ముక్కు ఒకే వాసనకు త్వరలోనే యలవాటుపడును. అందుచేఁ బూసికొన్నవానికిఁ దన పరిమళము తగ్గినట్లు తోఁచును, మఱికొంత పూసికొనును. చుట్టునున్నవారికి మాత్రము బాధ హెచ్చును. ఇట్టివాఁడు తెలియక చేయువాఁడే గాని దుష్టుఁడు గాఁడు. అతనిపైఁ గోపము పనికిరాదు, మంచిమాట పనికివచ్చును.

ఇతర దేశములవా రీ విషయమును దేలికగాఁ దీసికొనలేదు. ఐరోపా సమాఖ్య 2003లో, కొందఱి యొడలికిఁ బడని 26 గంధద్రవ్యముల పేర్లను, అవి నిర్ణీత ప్రమాణమును మించినపుడు, సీసాలపై నచ్చువేయవలెనని శాసించినది. అమెరికాలోని వ్యాధినివారణ కేంద్రము 2009లోఁ దన యుద్యోగులను వీలైనంతవఱకుఁ బరిమళములు లేకయే పనికి రమ్మని కోరినది.

“చెమటకంపుకంటె సెంటు మేలు గదా!” యని కొంద ఱందురు. చెమటకు మందు స్నానమును, ఉదికిన బట్టయును. కంపుపై సెంటు చల్లినచో వాసనలు రెండగునే గాని యొకటియుఁ దగ్గదు. మఱి మల్లెల మాటేమి యందురా? కొప్పులోని మూరెడు మల్లెలకు వీధిలో నెవ్వరును వంక పెట్టరు. రోగి మంచముకడ నామాత్రమైనను విచారింపవలసినదే.

మా యభిప్రాయమున మర్యాద యింతే. చేయి చాఁచిన దూరమునకు మించి మన పరిమళము పోరాదు. పరీక్షాశాలకును, ఆసుపత్రికిని, దూరప్రయాణమునకును బూసికొనకుండుటయే మేలు. బండిలోఁ గూర్చుండి సీసా తెఱవరాదు. ప్రక్కవాఁడు బాధపడుచున్నానని చెప్పినచో వాదింపక, కిటికీ తెఱచి, చోటు మార్చుకొనవలయును. చెప్పువాఁడును బదిమందిలో నవ్వులపాలు చేయక మెల్లగఁ జెప్పవలయును. విద్యార్థి సోదరసోదరీమణులారా! రాఁబోవు పరీక్షలనాఁడే దీని నాచరణలోఁ బెట్టుదము. మన ప్రక్కబల్లపైఁ గూర్చున్నవాఁడు సుఖముగ నూపిరి పీల్చుకొని పరీక్ష వ్రాసికొనుఁగాక!